షుగరు ఉన్నవాళ్ళకు ఏ తీపి మంచిది?

ఈసారి సైన్సు పాఠం నా వంతు. మన కొండ ఊళ్ళల్లో కూడా ఇప్పుడు షుగరు జబ్బు కనిపిస్తోంది. అందుకని దాని గురించి రాస్తున్నాను.

మనం తిన్న అన్నం, అంబలి, పంచదార అన్నీ గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. అది కణాల్లోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ కావాలి. టైపు 2 మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పని చెయ్యదు. గ్లూకోజు రక్తంలోనే ఉండిపోతుంది.

బెల్లం, తేనె తినొచ్చా?

మా తాత పంచదార మానేసి టీలో బెల్లం వేసుకునేవాడు. "బెల్లం ఏం చెయ్యదమ్మా, తేనె అయితే మందే" అనేవాడు. ఊళ్ళో చాలామంది మాట అదే. కానీ బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. తేనె 100 గ్రాముల్లో సుమారు 80 గ్రాములు చక్కెరలే. రంగు వేరు గానీ రక్తంలో చేసే పని ఒకటే. షుగరు ఎక్కువగా ఉంటే పుండు తొందరగా మానదు. తాత కాలివేలి పుండు మూడు నెలలు మానలేదు. ఆసుపత్రిలో చూపించాక బెల్లం మానేసి, రోజూ మాత్రలు వేసుకున్నాడు. అప్పుడు మానింది.

పంచదారకు బదులు ఏమున్నాయి?

1. శాకరిన్: 1879లో అమెరికాలో కనిపెట్టారు. పంచదార కన్నా సుమారు 300 రెట్లు తీపి.
2. ఆస్పర్టేమ్: 1965లో కనిపెట్టారు. సుమారు 200 రెట్లు తీపి. మరిగిస్తే తీపి తగ్గిపోతుంది, కాబట్టి టీ దించాక వెయ్యాలి.
3. సుక్రలోజ్: సుమారు 600 రెట్లు తీపి.
4. స్టీవియా: ఇది ఆకు నుంచి వస్తుంది. దక్షిణ అమెరికాలో పరాగ్వే దేశపు గ్వారానీ ఆదివాసులు ఈ ఆకును పూర్వం నుంచీ వాడుతున్నారు. ఇది చదివి నాకు చాలా సంతోషం వేసింది.

ఇవి చిటికెడు వేస్తే చాలు, రక్తంలో గ్లూకోజు పెంచవు. అయితే ఇవి మందులు కావు. జబ్బును తగ్గించవు. డాక్టరు గారు ఇచ్చిన మాత్రలు మానకూడదు. "షుగర్ ఫ్రీ" అని రాసిన బిస్కెట్లలో కూడా మైదా ఉంటే అది గ్లూకోజే అవుతుంది. అన్నిటికన్నా మంచిది, తీపి అలవాటునే కొంచెం కొంచెంగా తగ్గించుకోవడం.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు చదువు రాదు. ప్యాకెట్టు మీద ఏముందో వాళ్ళకు తెలీదు. కాబట్టి పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు మనమే చదివి చెప్పాలి. షుగరు ఉన్నవాళ్ళ కాళ్ళు కూడా చూడండి, పుండు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని