ఫ్రేమ్ ఒకటి, ఫోటో ఒకటి

ప్రశ్న: పేజ్‌మేకర్‌లో ఏళ్లుగా పేజీలు పెట్టిన చెయ్యి నాది. ఇన్‌డిజైన్‌కి మారాక ఫోటోను కాస్త పక్కకు జరుపుదామంటే ఫ్రేమ్‌తో సహా కదిలిపోతోంది. లోపలి ఫోటో ఒక్కటే జరిగేదెలా?

జవాబు: ఇన్‌డిజైన్ లెక్కలో ఫ్రేమూ, అందులోని ఫోటో రెండు వేర్వేరు వస్తువులు. నల్ల బాణంతో, అంటే సెలక్షన్ టూల్‌తో క్లిక్ చేస్తే ఫ్రేమ్ దొరుకుతుంది. తెల్ల బాణం, అంటే డైరెక్ట్ సెలక్షన్ టూల్ పట్టుకుంటే ఫోటో దొరుకుతుంది. పేజ్‌మేకర్‌లో క్రాప్ టూల్‌తో ఫోటోను లోపలే జరిపినవారికి ఈ తెల్ల బాణం కొత్తేమీ అనిపించదు.

2010లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్5 నుంచి ఇంకో దారి ఉంది. నల్ల బాణాన్ని ఫోటో మీదికి తెస్తే మధ్యలో గుండ్రటి చక్రం కనిపిస్తుంది. దాన్ని పట్టి లాగితే ఫోటో కదులుతుంది, ఫ్రేమ్ ఉన్నచోటే ఉంటుంది. పని అయ్యాక ఎస్కేప్ నొక్కితే మళ్లీ ఫ్రేమ్ చేతికొస్తుంది.

ప్రశ్న: సావనీర్‌లో సభ్యుల ఫోటోలన్నీ ఒకే కొలత ఫ్రేముల్లో పెట్టాలి. కొన్ని ముఖాలు సాగిపోతున్నాయి, కొందరికి తల తెగిపోతోంది.

జవాబు: ముఖాలు సాగడానికి కారణం 'ఫిట్ కంటెంట్ టు ఫ్రేమ్'. అది నిష్పత్తి చూడకుండా ఫోటోను ఫ్రేమ్‌కు సరిపెడుతుంది. వాడాల్సింది 'ఫిల్ ఫ్రేమ్ ప్రపోర్షనల్లీ'. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, సి కలిపి నొక్కాలి.

6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తున్న ఫోటోను 4 అంగుళాల చదరపు ఫ్రేమ్‌లో ఇలా నింపితే అటూ ఇటూ ఒక్కో అంగుళం మరుగున పడుతుంది. 'ఫిట్ కంటెంట్ ప్రపోర్షనల్లీ' ఎంచుకుంటే ఫోటో మొత్తం కనిపిస్తుంది కానీ ఎత్తు 2.67 అంగుళాలకు తగ్గి, ఫ్రేమ్‌లో ఖాళీ మిగులుతుంది.

ఇక తలల సంగతి. నిలువు ఫోటో చదరపు ఫ్రేమ్‌ను నింపినప్పుడు పైనా కిందా కోత పడుతుంది. 'ఫ్రేమ్ ఫిట్టింగ్ ఆప్షన్స్'లో తొమ్మిది చుక్కల గడిలో పై వరుస మధ్య చుక్కను ఎంచుకుంటే కోత అంతా కిందికి పోతుంది. అక్కడే 'ఆటో ఫిట్'కు టిక్ పెడితే ఫ్రేమ్ సైజు మార్చినా ఫోటో దానితోపాటే సర్దుకుంటుంది. ఈ అమరికను ఆబ్జెక్ట్ స్టైల్‌గా దాచుకుంటే సావనీర్ మొత్తానికి ఒక్కసారి చేసిన పని చాలు.

ప్రశ్న: ఉచితంగా దొరికే స్క్రైబస్‌లోనూ ఇదంతా కుదురుతుందా?

జవాబు: చాలావరకు కుదురుతుంది. ఇమేజ్ ఫ్రేమ్ గీసి ఫోటో తెచ్చాక, ఫ్రేమ్ మీద డబుల్ క్లిక్ చేసి లోపలి ఫోటోను జరపొచ్చు. 'స్కేల్ టు ఫ్రేమ్ సైజ్', 'ప్రపోర్షనల్' రెండూ ఎంచుకుంటే ఫోటో పూర్తిగా కనిపిస్తుంది, ఖాళీ మిగలొచ్చు. ఫ్రేమ్ నిండాలంటే 'ఫ్రీ స్కేలింగ్'కు మారి శాతం పెంచుకోవాలి.

ప్రశ్న: స్క్రీన్ మీద బాగున్న ఫోటో అచ్చులో మసకబారింది. ఫ్రేమ్‌లో పెద్దది చేయడం వల్లేనా?

జవాబు: అయ్యుండొచ్చు. 1800 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోను 6 అంగుళాల్లో వేస్తే అంగుళానికి 300 పిక్సెళ్లు పడతాయి. అదే ఫోటోను 12 అంగుళాలకు పెంచితే 150కి పడిపోతాయి. ఆర్ట్ పేపర్ మీద అచ్చుకు సాధారణంగా 300 అడుగుతారు. ఇన్‌డిజైన్ లింక్స్ ప్యానెల్‌లో చూడాల్సింది 'యాక్చువల్ పీపీఐ' కాదు, 'ఎఫెక్టివ్ పీపీఐ'. ఆ అంకె తక్కువగా ఉంటే ఫోటోను చిన్నది చేయాలి, లేదా అసలు ఫైలు తెప్పించుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోయి వస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమని అడగడం మేలు.