ఎగిరే కన్ను

2019 ఏప్రిల్ 15వ తేదీ సాయంకాలం. ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్ నగరంలో ఎనిమిది వందల ఏండ్లకు పైబడిన నోటర్ డామ్ చర్చి పైకప్పు అంటుకొన్నది. ఓక్ దూలాలతో దట్టంగా అల్లిన ఆ కప్పును అక్కడివారు ‘అడవి’ అని పిలిచేవారు. అది నిజంగా అడవి కాలినట్లే కాలింది. రెండు గంటలు గడవకముందే శిఖరం కూలిపోయింది. కింద నిలిచిన వారికి పొగ తప్ప మరేమీ కనిపించదు. మంట ఏ వైపు పాకుతున్నదో తెలియనిదే నీటి గొట్టాలను ఎక్కడ నిలపాలి?

అగ్నిమాపక దళంవారు కెమెరాలు అమర్చిన చిన్న డ్రోన్లను పైకి పంపారు. అవి చూపిన దృశ్యాలను బట్టి గొట్టాలను ఎక్కుపెట్టారు. అయితే గంటలు వేలాడే గోపురాలలోకి ప్రాణాలకు తెగించి వెళ్ళి మంటలనార్పినది మనుషులే. ఆ తరువాత రాతి కమానులు ఎంత దెబ్బతిన్నాయో చూడడానికి కూడ డ్రోన్లు ఉపయోగపడ్డాయి. కాలు మోపితే కూలునేమో అన్న చోట మొదట కన్నును పంపడమే మేలు కదా! 2024 డిసెంబరులో ఆ చర్చిని తిరిగి తెరిచారు.

కట్టడాలను పరీక్షించడానికి ఇంత పెద్ద ప్రమాదమే జరగనక్కరలేదు. మీ ఊరి నీళ్ళ ట్యాంకును ఒకసారి తలయెత్తి చూడండి. దాని అడుగున పెచ్చులూడినదీ లేనిదీ నేలమీది నుండి తెలుస్తుందా? పూర్వం సారవ కట్టి ఎక్కేవారు, లేదా నడుముకు తాడు కట్టుకొని దిగేవారు. సారవ కట్టడానికి రోజులు పట్టేవి. తాడు జారితే ప్రాణమే పోయేది.

పరీక్షలకు వాడే డ్రోనుకు సాధారణంగా నాలుగు పంకాలుంటాయి. రెండు కుడివైపుగాను, రెండు ఎడమవైపుగాను తిరుగుతాయి. అన్నీ ఒకేవైపు తిరిగితే డ్రోను తనంతట తాను బొంగరంలా తిరిగిపోతుంది. వెనుక పంకాల వేగం పెంచితే ముందుకు వంగి ముందుకే సాగుతుంది. చిన్న డ్రోను బ్యాటరీ సుమారు అరగంట వస్తుంది. ఆ వ్యవధిలోనే గోడను వరుసలు వరుసలుగా, ఒక ఫొటోలో కొంత భాగం మరొక ఫొటోలో కూడ పడేటట్లు తీస్తారు. ఆ ఫొటోలన్నిటినీ కంప్యూటరు కలిపి కట్టడం నమూనాను తయారుచేస్తుంది. వేడిని పసిగట్టే కెమెరా ఉంటే గోడలో తేమ ఊరిన చోటు తక్కిన గోడకంటె వేరుగా కనిపిస్తుంది.

కాంక్రీటు మీద తుప్పు రంగు చార కనిపించిందనుకోండి. లోపలి ఇనుప కమ్మీ తుప్పు పట్టినదనడానికి అది గుర్తు కావచ్చు. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత అది కాంక్రీటును లోపలి నుండి నెట్టి పగులగొడుతుంది. చార ఇంకా సన్నగా ఉన్నప్పుడే కనుగొంటే మరమ్మతు చిన్నదవుతుంది. పెచ్చు ఊడి బడిపిల్లల నెత్తిన పడిన తరువాత కనుగొని ఏమి లాభం?

గాలి విసురుకు డ్రోను గోడకు కొట్టుకొనవచ్చు. ఎత్తైన కట్టడాల నడుమ ఉపగ్రహ సంకేతాలు సరిగా అందవు. పైగా పొరుగువారి కిటికీలు కూడ కెమెరాలో పడతాయి కనుక వారికి ముందుగా చెప్పడం మర్యాద. మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు వీటిని బరువును బట్టి విభజించాయి. 250 గ్రాములు మించనివి నానో తరగతివి, ఆపైన 2 కిలోల వరకు మైక్రో తరగతివి. ఎర్ర మండలంగా గుర్తించిన చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు.

అన్నిటికంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. డ్రోను చూడగలదు కాని తట్టి వినలేదు. పైకి నున్నగా ఉన్న గచ్చు లోపల గోడను విడిచి ఉండవచ్చు. సుత్తితో మెల్లగా తట్టితే గట్టి గచ్చు ఒక విధంగాను, విడిచిన గచ్చు డొల్లగాను మోగుతుంది. ఆ తేడా అనుభవంగల మేస్త్రి చెవికి తెలుస్తుంది. అందువల్ల ఫొటోలో అనుమానం కలిగిన చోటుకు గుర్తు పెట్టి, అక్కడికి మాత్రం సారవ కట్టి మేస్త్రిని ఎక్కిస్తారు. పూర్వం గోడంతటికీ కట్టవలసిన సారవ ఇప్పుడు ఆ గుర్తు దగ్గర కడితే చాలు.