నీటికి లొంగని రబ్బరు

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు చుట్టుపట్ల సందులలో, సైకిళ్ళకును మోటారుబండ్లకును పంక్చరు వేయు దుకాణములు కానవచ్చును. దుకాణము ముందు ఒక నీటి తొట్టి యుండును. పనివాడు ట్యూబునకు గాలి కొట్టి, దానిని కొంచెము కొంచెముగా నీటిలో ముంచి త్రిప్పును. ఒకచోట బుడగలు బయలుదేరును. కన్నము దొరకినది! పిమ్మట అతడు ఆ చోటును తుడిచి, ఆరనిచ్చి, గరుకుగా గీకి, సొల్యూషను పూసి అతుకు వేయును. తడి ఆరనిచో అతుకు అంటదు. రబ్బరులోని లోపమును చూపినది నీరు. దానిని పూడ్చునపుడు అడ్డుపడునదియు నీరే. ఈ రెండింటికి గల సంబంధ మెట్టిది?

రబ్బరు చెట్టు బెరడును గీచినచో పాలవంటి ద్రవము కారును. అందు సుమారు మూడవవంతు రబ్బరు. మిగిలినదానిలో అధిక భాగము నీరే. ఆమ్లము కలిపినచో, పాలు విరిగినట్లు, రబ్బరు గడ్డకట్టి నీటినుండి విడిపోవును. కర్బనము, ఉదజని అను మూలకములతో నేర్పడిన పొడవైన గొలుసులే రబ్బరు. నూనెవలె అవియు నీటితో కలియవు. అందుచే రబ్బరుపై పడిన నీరు లోనికి ఇంకక బొట్లుగా నిలుచును. అదే రబ్బరును కిరసనాయిలులో నానవేసినచో ఉబ్బి మెత్తబడును.

ఈ గుణమును గ్రహించియే 1823లో స్కాట్లండు దేశీయుడగు చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పొరను చేర్చి, వాన కోటులకు తగిన బట్టను తయారుచేసెను. కాని ఆ రబ్బరు వేసవిలో జిగటగా మారుచు, చలికి బిరుసెక్కుచుండెను. 1839లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడ్‌యియర్ రబ్బరునకు గంధకము చేర్చి కాచుటచే ఈ లోపము తొలగునని కనుగొనెను.

అయినను రబ్బరు నీటిని బొత్తిగా పీల్చదనుట సరికాదు. చెట్టుపాలలోని మాంసకృత్తులు, లవణములు కొద్దిగా రబ్బరులో మిగులును. చాలకాలము నానినచో అవి నీటిని ఆకర్షించును. రబ్బరు కొంచెము ఉబ్బును. ఎండకు పగిలిన రబ్బరులో నీరు పగుళ్ళగుండ చొరబడును.

రబ్బరు నీటిలో తేలునా? శుద్ధమైన రబ్బరు నీటికంటె కొంచెము తేలిక; కావున తేలును. టైరు రబ్బరులో మసి మొదలగు పదార్థములు కలుపుదురు. అందుచే దాని ముక్క మునుగును. గాలి నింపిన ట్యూబును తేల్చునది రబ్బరు కాదు, అందలి గాలి. రబ్బరు ఆ గాలికి కావలి మాత్రమే.

ఈ కావలి విలువ మూసీ తీరవాసులకు తెలియును. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొనెను. నాడు అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. 2020 అక్టోబరులో కుండపోత వానలకు పాతబస్తీలోని హాఫిజ్ బాబానగరు మొదలగు పేటలు మునిగినవి. ఆ వరదలలో నగరవాసులను పడవలపై తరలించిరి. ఇట్టి పనికి వాడు గాలి పడవలను రబ్బరు పూసిన గట్టి గుడ్డతోనో, అట్టి నీరంటని వేరొక గుడ్డతోనో చేయుదురు. వానియందు గాలి అరలు వేరువేరుగా నుండును. ఒక అర చినిగినను తక్కినవి పడవను మునుగనీయవు.

విద్యుత్తు పనివారు ధరించు రబ్బరు చేతొడుగుల విషయమును ఇట్టిదే. సూదిమొన యంత కన్నమున్నను తడి ద్వారా విద్యుత్తు చేతిని చేరవచ్చును. అందుచే వారు తొడుగును ముంజేతి వైపునుండి చుట్టి, లోని గాలిని బిగించి, ఎచటనైన గాలి పోవుచున్నదేమో చూచిన పిమ్మటనే ధరింతురు.

తొట్టిలో ట్యూబును ముంచు పంక్చరు పనివాని నియమమును ఇదియే. రబ్బరు నీటిని ఆపును. కాని చెక్కుచెదరక యున్నంతవరకే. కావున ప్రాణమును దానికి అప్పగించుటకు ముందు దానిని పరీక్షింపవలెను.