బంతి దూరంగా లేస్తే



మన గ్రౌండులో సాఫ్ట్‌బాల్ ఆడేటప్పుడు ఆట రాని పిల్లల్ని "నువ్వు పోయి ఆడ నిలబడు" అని దూరంగా నిలబెడుతున్నారు. ఇది సరి కాదని నా అభిప్రాయం.

సాఫ్ట్‌బాల్ అమెరికా వాళ్ళ బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి ఆట. జట్టుకు 9 మంది. అందులో ముగ్గురు వెనక ఎడమన, నడుమన, కుడిన నిలబడతారు. వీళ్ళే ఔట్‌ఫీల్డర్లు. ముందరుండే అమ్మాయి బంతి వదిలేస్తే వెనక ఇంకొకరు ఉంటారు. ఔట్‌ఫీల్డర్ వదిలేస్తే వెనక ఎవరుండారు? గోడే! అవతలి పిల్ల నాలుగు బేసులూ చుట్టేసి వస్తుంది.

ఔట్‌ఫీల్డర్‌కు కాళ్ళ కన్నా ముందు చూపు కావాలి. బంతి లేవగానే అందరూ ముందుకు ఉరుకుతారు. అప్పుడది తల మీదుగా పోతుంది. మొదటి అడుగు వెనక్కి వెయ్యాలి. వెనక నుంచి ముందుకు రావడం సులభం, ముందు నుంచి వెనక్కి పోవడం కష్టం. ఇంకొకటి, బంతి వెంట పరుగెత్తకూడదు. మేకలు కాసిన వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. తప్పించుకున్న మేక వెనకాల ఎంత ఉరికినా దొరకదు, అది పోయే దోవకు అడ్డం పోవాలి. బంతి కూడా అంతే.

1954లో న్యూయార్క్‌లో బేస్‌బాల్ ఫైనల్ పోటీల మొదటి ఆటలో విల్లీ మేస్ అనే ఆటగాడు ఇట్లాంటి బంతినే పట్టాడు. స్కోరు 2-2. బేసుల మీద అవతలి వాళ్ళు ఇద్దరున్నారు. ఆయన వీపు తిప్పుకుని పరుగెత్తి, భుజం మీదుగా వచ్చే బంతిని పట్టాడు. అందరూ ఆ క్యాచ్‌నే మెచ్చుకుంటారు. నాకైతే దాని తర్వాత చేసిన పని గొప్పగా తోస్తుంది. టోపీ ఊడిపడినా ఆగకుండా గిర్రున తిరిగి బంతి విసిరాడు. ఒక్క పరుగు కూడా రాలేదు. ఆ ఆట ఆయన జట్టే గెలిచింది.

క్రికెట్‌లో అయితే 2025 నవంబర్ 2న ప్రపంచకప్ ఫైనల్లో అమన్‌జోత్ కౌర్ పట్టిన క్యాచ్ చూడాలి. 101 పరుగులు చేసిన వోల్‌వార్ట్ కొట్టిన బంతి చేతుల్లోంచి రెండుసార్లు జారింది. ఆమె కన్ను తిప్పలేదు, మూడోసారి పట్టేసింది. మనం 52 పరుగులతో గెలిచాం. మన కడప జిల్లా శ్రీచరణి అక్క కూడా ఆ జట్టులో ఉండింది.

నేల మీద వచ్చే బంతికి ఒక మోకాలు ఆనించి అడ్డం కూర్చోవాలి. రాళ్ళ నేల కాబట్టి బంతి ఎటైనా ఎగురుతుంది. ఇద్దరి నడుమ బంతి లేస్తే "నాది, నాది" అని గట్టిగా అరవాలి. సిగ్గుపడితే ఇద్దరూ గుద్దుకుంటారు, లేకపోతే ఇద్దరూ నిలబడి చూస్తారు. ఇద్దరూ అరిస్తే నడుమ నిలబడిన అమ్మాయిదే బంతి.

కుడిచేతి వాటం వాళ్ళు గ్లవుజు ఎడమ చేతికి తొడుక్కోవాలి. ఆరో తరగతి చెల్లెళ్ళు కుడి చేతికి తొడుగుతున్నారు, ఇంక విసిరేది ఏ చేత్తో?