పాత యంత్రం – కొత్త సూత్రధారి

తోలుబొమ్మలాటలో తెరమీద కదిలేవి బొమ్మలు. వాటిని కదిలించే చేతులు తెరవెనుక ఉంటాయి. కంప్యూటరులో ఆ చేతుల పని చేసేది ఆపరేటింగ్ సిస్టం. మీట నొక్కితే అక్షరం పడటం, ఫైలు భద్రపడటం, ప్రింటరు కాగితాన్ని లాగుకోవడం - ఇవన్నీ దాని ఆజ్ఞానుసారం జరిగేవే. దీనిని 'నిర్వాహక వ్యవస్థ' అని కొందరు అనువదించారు. మాట బాగానే ఉన్నా జనుల నాలుకకు ఎక్కలేదు గనుక ఈ పాఠంలో వాడుకమాటనే స్వీకరిస్తున్నాం.

యంత్రానికి వార్ధక్యం రాకముందే దానిని నడిపే వ్యవస్థకు ఆయువు తీరడం ఈ కాలపు విచిత్రం. 2015లో వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ భద్రతా సవరణలను నిలిపివేసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకొన్న వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు ప్రకటించింది. సవరణలు ఆగినంతమాత్రాన లాప్‌టాప్ ఆగిపోదు. మరునాడు కూడా యథాప్రకారం పనిచేస్తుంది. అపాయమంతా అక్కడే ఉంది. ఏ ఆపరేటింగ్ సిస్టంలోనైనా నిర్మాతల కంటపడని లొసుగులు కొన్ని మిగిలే ఉంటాయి. అవి బయటపడినప్పుడల్లా సంస్థ పూడుస్తూ వస్తుంది. పూడిక ఆగిన నాటినుండి ఆ యంత్రం కావలివాడు లేని కోటవంటిది. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాం రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి ధనం కోరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారినపడ్డాయి. ఆ లొసుగుకు సవరణ అదే ఏడాది మార్చిలోనే వెలువడింది. దానిని వేసుకోని యంత్రాలే చిక్కుకొన్నాయి.

మరి కొత్తదానికి మారవచ్చు కదా అంటే, 2021లో వచ్చిన విండోస్ 11 తన గడప దాటడానికి కొన్ని నియమాలు పెట్టింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వస్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సంస్థ ఆమోదించిన ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి ముందువి చాలావరకు ఆ జాబితాలో లేవు. అందువల్ల 2016లో కొన్న లాప్‌టాప్, తెర, మీటలు చెక్కుచెదరకుండా ఉన్నా, అనర్హమవుతున్నది. ఈ నియమాలలో భద్రతాదృష్టి ఎంతో, కొత్త యంత్రాల విక్రయదృష్టి ఎంతో విద్యార్థులే ఆలోచించాలి.

అటువంటి యంత్రానికి లినక్స్ ఒక చక్కని ఆశ్రయం. ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన ఈ వ్యవస్థకు ఉబుంటు, మింట్ మొదలైన రూపాలు ఉచితంగా లభిస్తాయి. హార్డ్‌డిస్కును తాకకుండా పెన్‌డ్రైవ్ నుండే నడిపి వైఫై, ధ్వని, తెలుగు టైపింగు సరిగా ఉన్నాయో లేదో ముందే పరీక్షించవచ్చు. తిరిగే హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వేగం ఎంతో మెరుగుపడుతుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ము దానికే వెచ్చించడం ఉత్తమం.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. తాటాకు శిథిలం కాకముందే గ్రంథాన్ని కొత్త ఆకులపైకి ఎక్కించడం మన పూర్వుల పద్ధతి. సి.పి. బ్రౌన్ (1798-1884) కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను నియమించి తాళపత్ర ప్రతులను కాగితాలపైకి ఎక్కించాడు. ఆ శ్రమ లేకుంటే ఎన్ని తెలుగు కావ్యాలు మనకు దక్కేవో చెప్పలేం. లాప్‌టాప్‌లోని రాతకూ అదే న్యాయం వర్తిస్తుంది. కొత్త వ్యవస్థను సంపూర్ణంగా స్థాపించేటప్పుడు డిస్కు మీది పాత సమాచారం చెరిగిపోతుంది. కాబట్టి ముందుగా ఫైళ్లను వేరొక డిస్కులోకి నకలు తీయాలి. నకలు తీస్తే చాలదు. కొన్నింటిని మరొక కంప్యూటరులో తెరిచి చూడాలి.

తెలుగు ఫైళ్ల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో 'గౌతమి' అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉన్నా, మన ముద్రణాలయాలు, పత్రికలు చాలాకాలం 'అను' వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే కూర్చుకొన్నాయి. ఆ ఫాంట్లలో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల చోట అమర్చి ఉంటాయి. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పద్యం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. ఫైలు ఉంటుంది, చదివేవారుండరు. పాత ఊరిపత్రికల సంచికలు, అధ్యాపకుల పరిశోధన పత్రాలు ఇప్పటికీ ఈ రూపంలోనే నిలిచి ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేర్ ఇంకా పనిచేస్తున్నప్పుడే వాటిని యూనికోడులోకి మార్చుకోవాలి. ఒత్తులు, గుణింతాలు తారుమారు కాకుండా మూలంతో సరిచూడాలి.

స్థాపన ప్రక్రియ అంత కఠినమైనది కాదు. ఛార్జరు తగిలించి, సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని ప్రారంభించి, తెరపై సూచనలను తొందరపడకుండా చదువుతూ సాగితే చాలు. నకలు ఉన్న డిస్కును మాత్రం ఆ సమయంలో లాప్‌టాప్‌కు తగిలించి ఉంచరాదు.

ప్రశ్నలు
1. భద్రతా సవరణలు ఆగిన యంత్రాన్ని రచయిత దేనితో పోల్చాడు? ఎందుకు?
2. పాత తెలుగు ఫాంట్ల వల్ల కలిగే చిక్కును వివరించండి.
3. మీ ఇంట లేదా కళాశాలలో పాత ఫాంట్లలో ఉన్న ఒక తెలుగు రచనను గుర్తించి, దానిని కాపాడే మార్గం రాయండి.