పుట్టిలో మీ చోటు ఏది?

మత్స్య సహకార సంఘాల సభ్యులకు, వారి కుటుంబాలకు భద్రతా పాఠం, ప్రమాద బీమా వివరాలు

బొల్లారం, జిన్నారం, పటాన్‌చెరు వైపు మన సంఘాల సభ్యుల్లో చాలామందికి చెరువు ఒక్కటే బతుకుదెరువు కాదు. రాత్రి కంపెనీలో షిఫ్టు, తెల్లారి చెరువులో వల. ఫ్యాక్టరీ గేటు దాటగానే నేల మీద పసుపు గీతలు కనిపిస్తాయి. మనిషి నడిచే దారి ఒకటి, సామాను పెట్టే చోటు ఒకటి. దారిలో డబ్బా పెడితే సూపర్‌వైజర్ ఊరుకోడు. హెల్మెట్ లేకపోతే లోపలికి రానివ్వరు.

అదే మనిషి రెండు గంటల తర్వాత పుట్టి ఎక్కుతాడు. అక్కడ గీతలు లేవు, అడిగేవాళ్లు లేరు. వల కాళ్ల కింద, చేపలు ఒక పక్కకు, ఫోను ప్యాంటు జేబులో.

పుట్టి కూడా పని స్థలమే. కంపెనీలో కాలు జారితే నేల మీద పడతాం, ఇక్కడ జారితే నీళ్లలో పడతాం. అందుకే ఆ గీతలు మనమే మనసులో గీసుకోవాలి.

పుట్టి ఎందుకు తిరగబడుతుంది?

చెరువులో పెద్ద అలలు ఉండవు. పుట్టి ఎక్కువగా తిరగబడేది లోపలి మనిషి కదలిక వల్లే. లేచి నిలబడతాం. ఇద్దరం ఒకే పక్కకు వంగుతాం. బరువైన వలను ఒక్కసారిగా లాగుతాం.

పుట్టి గుండ్రంగా ఉంటుంది, అడుగు లోతు తక్కువ. బరువు మధ్యలో, కిందికి ఉన్నంతసేపు అది నిలకడగా ఉంటుంది. మనిషి నిలబడితే బరువు పైకి పోతుంది. అంచుకు చేరితే ఆ పక్క మునుగుతుంది. అడుగున నీళ్లు చేరి ఉంటే అవి కూడా వంగిన పక్కకే పరుగెత్తి, పుట్టిని ఇంకా వంచుతాయి. అందుకే అడుగున నీళ్లు చేరుతున్నప్పుడు ‘తర్వాత చూద్దాంలే’ అనుకోవద్దు. ఒక మగ్గు ఎప్పుడూ పుట్టిలోనే ఉంచి, అప్పటికప్పుడే తోడేయండి.

సముద్రంలో గాలాలతో పెద్ద చేపలు పట్టే మరపడవల్లో వెనుక భాగాన్ని పని కోసమే ఖాళీగా వదులుతారు. సామాను పక్క అరల్లోకి పోతుంది, నేల మీద ఏదీ ఉండదు. అంచు తొడల ఎత్తు వరకు ఉంటుంది. దాని కింద కాలి వేళ్లు దూరేంత సందు ఉంటుంది. చేప గట్టిగా లాగినా మనిషి తొడలు అంచుకు ఆనించి నిలదొక్కుకుంటాడు. మన పుట్టి అంచు అంత ఎత్తు ఉండదు. నిలబడితే మోకాళ్ల దగ్గరే అంచు తగిలి, మనిషి బయటికి తూలిపోతాడు. అందుకే పుట్టిలో పని కూర్చుని గానీ, మోకాళ్ల మీద గానీ చేయాలి. నిలబడి చేయకూడదు.

ఏది ఎక్కడ ఉండాలి?

ఇద్దరు వెళ్లే పుట్టిని నాలుగు చోట్లుగా అనుకోండి.

1. ముందు: తెడ్డు వేసే మనిషి. ఆయన చేతులకు, మోకాళ్లకు ఏదీ అడ్డం ఉండకూడదు.

2. వెనుక: వల వదిలే మనిషి. వల ఆయన ముందు మడతలుగా ఉండాలి, కాళ్ల కింద కాదు. వల మీద అడుగు వేయకూడదు, వల మీద కూర్చోకూడదు. వల నీళ్లలోకి జారేటప్పుడు కాలి వేలు చిక్కుకుంటే మనిషి కూడా దాని వెంటే పోతాడు.

3. మధ్య: చేపలు. బుట్టలో గానీ, క్రేటులో గానీ సరిగ్గా నడిమధ్యలో పెట్టండి. బొచ్చె, రవ్వు ఎక్కువ పడినప్పుడు ఒక పక్కకు కుప్ప పోయకండి. అంచు నీళ్లకు జానెడు దగ్గరికి వచ్చిందంటే ఇక చాలు. గట్టుకు వెళ్లి దించి మళ్లీ రండి.

4. చేతికందే చోటు: కత్తి, మగ్గు, తాడు. కత్తి ఒరలో ఉండాలి, ఒర పుట్టికి కట్టి ఉండాలి. అది ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. కాలికి వల చుట్టుకుంటే ప్రాణం కాపాడేది ఆ కత్తే.

ఫోను జిప్ కవర్లో పెట్టి మెడకు వేలాడదీసుకోండి. జేబులో ఉంటే మీతో పాటు అదీ తడుస్తుంది, అప్పుడు పిలవడానికి దారి ఉండదు.

ఎక్కడం, కదలడం, దిగడం

ఎక్కేటప్పుడు: మోకాలి లోతు నీళ్లలో ఒకరు పుట్టిని పట్టుకోవాలి. రెండోవారు రెండు చేతులతో అంచులు పట్టుకుని, వంగి, కాలు నడిమధ్యలో పెట్టాలి. గట్టు మీద నుంచి దూకవద్దు.

చోటు మారాలంటే: వీలైతే గట్టుకు వచ్చి మారండి. తప్పదనుకుంటే ముందు నోటితో చెప్పండి: ‘నేను కదులుతున్నా’ అని. ఒకరు కదిలితే రెండోవారు కదలకూడదు. కదిలేవారు లేవకుండా, చేతులు ఆనించి పాకుతూ రావాలి.

వల లాగేటప్పుడు: ఒకరు ఒక పక్క లాగుతుంటే, రెండోవారు ఎదుటి పక్కకు జరగాలి. చూద్దామనే ఆత్రంతో ఇద్దరూ ఒకే పక్కకు వంగడమే ప్రమాదం. వల చెట్టు మొద్దుకు తట్టుకుంటే బలం పెట్టి గుంజకండి. తట్టుకున్న చోటికి పుట్టిని తీసుకెళ్లి విడిపించండి. కాకపోతే కోసేయండి. వల మళ్లీ కొనుక్కోవచ్చు.

విసురు వల: పుట్టిలో నిలబడి విసరకండి. గట్టు మీద నుంచి గానీ, లోతు తెలిసిన చోట నడుము లోపు నీళ్లలో నిలబడి గానీ విసరండి. తాడు మణికట్టుకు ముడి వేయకండి. లాగితే జారిపోయేలా వదులుగా వేసుకోండి.

థర్మాకోల్ తెప్ప, లారీ ట్యూబు మీద వెళ్లేవారికి: వీటికి అంచు లేదు, పట్టు లేదు. కలుపు మొక్కల్లో, తామర తీగల్లో కాళ్లు చిక్కుకుంటాయి. తప్పనిసరైతే లైఫ్ జాకెట్ వేసుకుని, గట్టుకు దగ్గరగా, రెండో మనిషి చూస్తుండగానే వెళ్లండి. పుట్టి గానీ, ఫైబర్ పడవ గానీ తీసుకునే విషయం సంఘం సమావేశంలో పెట్టండి. ఫైబర్ పడవ తీసుకునేటప్పుడు ‘నీళ్లు నిండినా తేలుతుందా, లోపల గాలి గదులు ఉన్నాయా’ అని తప్పక అడగండి.

‘నాకు ఈత వచ్చు కదా!’

లైఫ్ జాకెట్ మాట ఎత్తితే మొదట వచ్చే జవాబు ఇదే. చిన్నప్పటి నుంచి చెరువులో పెరిగినవారికి ఈత రాక కాదు. కాళ్లకు వల చుట్టుకుంటే ఈత పనిచేయదు. తల తెడ్డుకో రాయికో తగిలితే పనిచేయదు. రాత్రి షిఫ్టు చేసి నిద్ర లేకుండా వచ్చిన ఒంటికి పిక్కలు పట్టేస్తే పనిచేయదు. జాకెట్ పుట్టిలో పక్కన పెట్టుకుంటే లాభం లేదు. గట్టు మీదే వేసుకుని, పట్టీలు బిగించి ఎక్కండి.

పుట్టి తిరగబడితే గట్టు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది, ఈదాలనిపిస్తుంది. తొందరపడకండి. పుట్టి తేలుతున్నంతసేపు దాన్నే పట్టుకోండి. ముందు కాళ్లకు వల లేదని చూసుకోండి. తర్వాత అరవండి. గట్టు మీద ఉన్నవారు వెంటనే నీళ్లలోకి దూకకుండా తాడు గానీ, ట్యూబు గానీ విసరాలి. ఫోను చేయాల్సిన నంబర్లు 112, 108.

వెళ్లకూడని రోజు, వెళ్లకూడని చోటు

ఉరుము వినిపిస్తే గట్టుకు వచ్చేయండి. నీళ్ల మధ్యలో మీరే అన్నిటికంటే ఎత్తు. మత్తడి పారుతున్నప్పుడు దాని దగ్గరికి, తూము తెరిచినప్పుడు దాని ముందుకు పుట్టి తీసుకెళ్లకండి. లాగే నీళ్లకు తెడ్డు ఎదురు నిలవదు.

మంజీర అభయారణ్యం పరిధిలో వేటకు వెళ్లకండి. అక్కడ మొసళ్లు ఉన్నాయి, చట్టం కూడా ఒప్పుకోదు.

మన ప్రాంతంలో ఇంకొక జాగ్రత్త. పరిశ్రమల వ్యర్థాల బాధ బొల్లారం అసానికుంట లాంటి చోట్ల ఏళ్లుగా ఉన్నదే. నీళ్ల మీద నురగ, ఘాటు వాసన, తేలిన చేపలు కనిపిస్తే నీళ్లలోకి దిగకండి. ఆ చేపలు తినకండి, అమ్మకండి. ఫొటో తీసి, తేదీ రాసి, మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి సంఘం పేరుతో రాతపూర్వకంగా తెలపండి. రాసిన కాగితం నకలు ఒకటి దాచుకోండి.

మృగశిర కార్తె లాంటి గిరాకీ రోజుల్లో తొందర ఎక్కువ, బరువు ఎక్కువ. ఒక్క ట్రిప్పు తగ్గినా నష్టం లేదు. ఎప్పుడు వెళ్లినా, ఏ వైపు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఇంట్లో ఒక మాట చెప్పి వెళ్లండి.

ప్రమాదం జరిగితే: బీమా వివరాలు

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. వయసు 18 నుంచి 70 ఏళ్లు. ప్రీమియం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే కడతాయి. సభ్యుడు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఎవరైనా అడిగినా ఇవ్వకండి.

● ప్రమాదంలో మరణించినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా: 5,00,000 రూపాయలు
● పాక్షిక శాశ్వత వైకల్యం వస్తే: 2,50,000 రూపాయలు
● ప్రమాదం వల్ల ఆసుపత్రిలో చేరితే: 25,000 రూపాయల వరకు

ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, పేరు. సంఘంలో సభ్యత్వం ఉన్నంత మాత్రాన బీమా జాబితాలో పేరు ఉన్నట్టు కాదు. ఆధార్, బ్యాంకు ఖాతా, నామినీ వివరాలు ఇచ్చి, ఈ ఏడాది జాబితాలో పేరు ఉందో లేదో సంఘం కార్యదర్శిని గానీ, జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్ని గానీ అడిగి చూసుకోండి. నామినీ చనిపోయి ఉంటే పేరు మార్పించండి.

రెండోది, కాగితాలు. ఇది రాయడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. మనిషి పోయిన దుఃఖంలో ‘పోస్టుమార్టం వద్దు, ఊరికే కోయించడం ఎందుకు’ అని చాలా కుటుంబాలు అనుకుంటాయి. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ పోలీసు ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు లేకపోతే అది ప్రమాదమని చూపించే ఆధారం ఉండదు, క్లెయిము ఆగిపోతుంది. ఆ సమయంలో ఇంటివారికి ఈ మాట చెప్పే బాధ్యత సంఘం పెద్దలది. మరణ ధ్రువపత్రం, సభ్యత్వ కాగితం, నామినీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు కూడా కావాలి. ఆలస్యం చేయకుండా మత్స్యశాఖకు తెలపండి.

మూడోది, మద్యం. మత్తులో జరిగిన ప్రమాదానికి డబ్బు ఇవ్వకపోవడం ప్రమాద బీమాల్లో మామూలు షరతు. తాగి పుట్టి ఎక్కితే మీకూ ప్రమాదం, మీ తర్వాత మీ ఇంటివారికీ నష్టం.

పుట్టి ఎక్కే ముందు ఐదు ప్రశ్నలు

1. జాకెట్ వేసుకున్నానా, పట్టీలు బిగించానా?
2. వల కాళ్లకు దూరంగా ఉందా?
3. కత్తి, మగ్గు, తాడు చేతికి అందుతాయా?
4. రాత్రి నిద్రపోయానా?
5. ఎక్కడికి వెళ్తున్నానో ఎవరికైనా చెప్పానా?

ఒక్కదానికి ‘లేదు’ అని వచ్చినా గట్టు మీదే ఆగి, అది సరిచేసుకుని ఎక్కండి. బీమా డబ్బు ఇంటికి ఆసరా అవుతుంది, కానీ సాయంత్రం చేపల బుట్టతో మీరు గడప తొక్కడమే ఇంట్లో వాళ్లకు కావాల్సింది.

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో పంపండి. చదవడం రానివారికి మీరే చదివి వినిపించండి.