మద్యపానం - వయోపరిమితి

మనిషి జీవితాన్ని చట్టం కొన్ని మెట్లుగా విభజించింది. 18 సంవత్సరాలు నిండినవారికి ఓటుహక్కు లభిస్తుంది. కారు నడపడానికి లైసెన్సు లభిస్తుంది. ఒప్పందపత్రంపై సంతకం చేసే అధికారం లభిస్తుంది. పురుషునికి వివాహం జరగాలంటే 21 సంవత్సరాలు నిండాలి. శాసనసభకు పోటీ చేయడానికి 25, రాజ్యసభలో అడుగుపెట్టడానికి 30, రాష్ట్రపతి పదవికి 35 సంవత్సరాలు నిండాలి. ఈ మెట్లన్నీ ఒకే ఎత్తులో లేవు. వీటిలో చాలావాటిని యువతరం పెద్దగా ఆక్షేపించదు. ఒక్క మెట్టు విషయంలో మాత్రం ఎప్పటికప్పుడు ప్రశ్నిస్తూనే ఉంటుంది. అది మద్యం కొనుగోలుకు విధించిన వయోపరిమితి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం విక్రయించరాదు. దీనిపై యువకులు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చగల విచక్షణ 18 ఏళ్లకే ఉన్నదని అంగీకరించిన ప్రభుత్వం, తన గ్లాసులో ఏమి పోసుకోవాలో తేల్చుకొనే విచక్షణ అదే మనిషికి లేదని ఎలా అనగలదు? సైన్యంలో చేరి సరిహద్దున తుపాకి పట్టేవాడు, నేరం చేస్తే పెద్దలతో సమానంగా శిక్ష అనుభవించేవాడు, ఈ ఒక్క విషయంలో బాలుడెలా అవుతాడు? ఇది కుర్రతనపు కొంటెప్రశ్న అని తోసిపుచ్చడం తగదు. న్యాయమైన ప్రశ్న ఎవరి నోట వచ్చినా న్యాయమైనదే. దానికి సమాధానం కూడా అంతే శ్రద్ధగా వెదకాలి.

మన రాజ్యాంగం మద్యాన్ని రాష్ట్రాల జాబితాలో చేర్చింది. అందువల్ల దేశమంతటికీ ఒకే వయోపరిమితి లేదు. గోవాలో 18 ఏళ్లకే అనుమతి ఉన్నది. మహారాష్ట్రలో బీరుకు ఒక వయస్సు, ఘాటైన మద్యానికి మరొక వయస్సు. కేరళ 2017లో ఈ పరిమితిని 21 నుండి 23కు పెంచాలని నిర్ణయించింది. గుజరాత్, బీహార్ రాష్ట్రాలలో మద్యనిషేధం అమలులో ఉన్నది కనుక అక్కడ వయస్సు ప్రసక్తే లేదు. రాష్ట్రపు ఎల్ల దాటగానే యువకుని విచక్షణ పెరగడం గాని తరగడం గాని జరుగుతుందా అని ఎవరైనా పరిహసిస్తే కాదనలేం. కాని ఆ పరిహాసం 18 మంచిదా, 21 మంచిదా అన్న సంగతిని తేల్చదు. అది తేలాలంటే వయోపరిమితిని నిజంగా తగ్గించి చూచిన సమాజాల అనుభవాన్ని పరిశీలించాలి.

అటువంటి సమాజాలలో మొదట చెప్పుకోదగినది అమెరికా. వియత్నాం యుద్ధకాలంలో అక్కడి యువకులు, ప్రాణాలర్పించడానికి సరిపోయిన వయస్సు ఓటు వేయడానికి ఎందుకు సరిపోదని నిలదీశారు. 1971లో ఆ దేశ రాజ్యాంగానికి 26వ సవరణ జరిగి, ఓటు వయస్సు 18కి దిగివచ్చింది. (మన దేశంలో ఇదే మార్పు 61వ సవరణ ద్వారా 1989లో వచ్చింది.) ఓటుతోపాటు మద్యం కూడా అన్న వాదానికి అక్కడ బలం చేకూరింది. 1970 దశకపు తొలి అర్ధభాగంలో 29 రాష్ట్రాలు మద్యపాన వయస్సును 18కో, 19కో, 20కో తగ్గించాయి. ఇరవై ఒకటిని కదల్చని రాష్ట్రాలూ పక్కపక్కనే ఉండడం వల్ల ఎవరూ ఊహించని పరిణామం ఏర్పడింది. శుక్ర, శని వారాల రాత్రులలో ఒక రాష్ట్రపు యువకులు కారెక్కి పొరుగు రాష్ట్రానికి పోయి, తాగి, అదే కారులో ఇంటిముఖం పట్టేవారు. ఆ రోడ్లపై జరిగిన మరణాల వల్ల అటువంటి ఎల్లలకు ‘నెత్తుటి సరిహద్దులు’ అన్న పేరు వచ్చింది. వయస్సు తగ్గించిన చోట యువకుల రోడ్డు ప్రమాదాలు పెరిగాయని పరిశోధకులు చెప్పసాగారు. 1976 నుండి ఒక్కొక్క రాష్ట్రమే తిరిగి వెనుకకు మళ్లింది.

1980లో కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన నడిచిపోతున్న 13 సంవత్సరాల బాలికను తాగినవాడు నడిపిన కారు ఢీకొని చంపింది. ఆమె తల్లి కాండీ లైట్నర్ ఆ ఏడాదే తాగి వాహనాలు నడపడాన్ని వ్యతిరేకించే తల్లుల సంఘాన్ని స్థాపించింది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆ కారు నడిపినవాడు యువకుడు కాడు. అంతకుముందు ఇదే నేరానికి శిక్షపడిన నడివయస్కుడు. అయినా ఆ తల్లుల ఉద్యమం దేశపు దృష్టిని మత్తు వైపు, రోడ్డు వైపు మళ్లించింది. 1984 జులైలో అధ్యక్షుడు రీగన్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. అది రాష్ట్రాలను నేరుగా శాసించలేదు. 21 ఏళ్లు నిండనివారు మద్యం కొనడానికి అనుమతించే రాష్ట్రానికి రహదారి నిధులలో మొదట 5 శాతం, తరువాత 10 శాతం కోత విధిస్తామని మాత్రం చెప్పింది. 19 ఏళ్లవారికి తేలికపాటి బీరు అమ్మనిచ్చే దక్షిణ డకోటా రాష్ట్రం ఇది తమ అధికారంలో చొరబడడమేనని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1987లో ఓడిపోయింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ 21కి చేరుకొన్నాయి.

ఫలితమేమిటి? ఈ చట్టం వల్ల ఏడాదికి సుమారు 900 ప్రాణాలు నిలుస్తున్నాయని ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ 1990 దశకపు చివరి సంవత్సరాలలో అంచనా వేసింది. ఆ కాలంలోనే సీటుబెల్టు చట్టాలు వచ్చాయి, కార్లు మెరుగుపడ్డాయి, పోలీసు తనిఖీలు పెరిగాయి. కాబట్టి మరణాలలో తగ్గుదల యావత్తూ వయోపరిమితి పుణ్యమే అనడం అతిశయోక్తి. అందులో దాని పాలు లేదనడం మొండితనం.

2008లో అమెరికాలో వందమందికి పైగా కళాశాలల, విశ్వవిద్యాలయాల అధ్యక్షులు ఈ వయోపరిమితిపై మళ్లీ చర్చ జరగాలని ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. దానికి అమెథిస్ట్ ప్రకటన అని పేరు. అమెథిస్ట్ అన్నది ఊదారంగు రత్నం. మూలమైన గ్రీకు పదానికి ‘మత్తెక్కనిది’ అని అర్థం. నిత్యం యువకుల మధ్య బ్రతికే పెద్దలు చెప్పిన మాట కనుక దీనిని తేలికగా తీసుకోరాదు. వారి వాదమిది: నిషేధం వల్ల తాగుడు ఆగలేదు, చాటుకు పోయింది. పెద్దల కళ్లెదుట మితంగా జరగగలిగినది తలుపులు మూసిన హాస్టలు గదులలో అమితంగా జరుగుతున్నది. తోటి విద్యార్థి స్పృహతప్పి పడిపోయినా, పట్టుబడతామన్న భయంతో వైద్య సహాయం కోరడానికి స్నేహితులు జంకుతున్నారు.

ఈ చివరి మాట గుండెలో ముల్లులా గుచ్చుకొంటుంది. చట్టభయం వల్ల ఒక ప్రాణం పోతే ఆ చట్టం తన ప్రయోజనాన్నే ఓడించినట్లు. కాని దీనికి మందు వయస్సు తగ్గించడమేనా? అమెరికాలో అనేక రాష్ట్రాలు మరొక దారి పట్టాయి. ఆపదలో ఉన్నవాని కోసం వైద్య సహాయం పిలిచిన మైనరుపై మద్యపు కేసు పెట్టకుండా రక్షణ కల్పించాయి. భయాన్ని తీసివేశాయి, పరిమితిని ఉంచాయి. ఇంట్లోనే పెద్దల సమక్షంలో అలవాటైతే మితం అలవడుతుందన్న వాదానికి ఐరోపా దేశాలను ఉదాహరణగా చూపుతారు. జర్మనీలో 16 ఏళ్లకే బీరు కొనవచ్చు. అయితే ఐరోపా పాఠశాల విద్యార్థులపై జరిగిన సర్వేలలో చాలా దేశాల పిల్లలు మత్తులో మునగడంలో అమెరికా పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు. లిథువేనియా 2018లో తన పరిమితిని 18 నుండి 20కి పెంచుకొన్నది.

న్యూజీలాండ్ అనుభవం ఇంతకంటే ఆలోచింపజేస్తుంది. ఆ దేశం 1999లో కొనుగోలు వయస్సును 20 నుండి 18కి తగ్గించింది. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం, ఆ తరువాత 18, 19 ఏళ్లవారిలో మద్యంతో ముడిపడిన రోడ్డు ప్రమాదాలు పైవయస్సువారితో పోల్చితే పెరిగాయి. అంతకంటే ముఖ్యంగా 15 నుండి 17 ఏళ్లవారిలోనూ పెరిగాయి. చట్టం వారికేమీ అనుమతి ఇవ్వలేదు కదా! కారణం ఊహకు అందనిది కాదు. కళాశాలలో చదివే అన్న కొని తెస్తే పాఠశాలలో చదివే తమ్ముని చేతికి అందుతుంది. పరిమితి 21 వద్ద ఉన్నప్పుడు దానిని దొంగచాటుగా దాటేవారు 18, 19 ఏళ్లవారు. 18కి దించితే ఆ పని 15, 16 ఏళ్లవారికి సులభమవుతుంది. తగ్గింపు కోరేవారు తమ కోసమే అడుగుతున్నామనుకొంటారు; వారికి తెలియకుండానే తమ తమ్ముళ్ల కోసం కూడా అడుగుతున్నారు. అయినప్పటికీ 2012లో ఈ అంశంపై ఓటు జరిగినప్పుడు న్యూజీలాండ్ పార్లమెంటు 18నే నిలుపుకొన్నది. ఒకసారి దించిన మెట్టును మళ్లీ ఎత్తడం అంత తేలిక కాదు.

ఇక తొలి ప్రశ్నకు వద్దాం. ఓటు, మద్యం ఒకటేనా? ఓటరుకు ఆలోచించడానికి వారాల వ్యవధి ఉంటుంది. పత్రికలు చదువుతాడు, పదిమందితో వాదిస్తాడు, ఒంటరిగా నిలబడి మీట నొక్కుతాడు. పొరపాటు చేసినా కోట్లాది ఓట్లలో అది ఒకటి; ఐదేళ్లకు దిద్దుకొనే అవకాశం ఉన్నది. మద్యం విషయంలో నిర్ణయం రాత్రివేళ, స్నేహితుల కేరింతల మధ్య, క్షణంలో జరుగుతుంది. మొదటి గ్లాసు తరువాత, రెండవదాని గురించి నిర్ణయించేది తొలినాటి విచక్షణ కాదు. ముప్పును అంచనా వేసి కోరికకు కళ్లెం వేసే మెదడు ముందుభాగం ఇరవైల నడిమి వరకు పరిణతి చెందుతూనే ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తీరికగా ఆలోచించే శక్తి అంతకు చాలా ముందే సిద్ధమవుతుంది. 18 ఏళ్లవాని తెలివిని శంకించవలసిన పని లేదు. ఆవేశపు వేళ ఆ తెలివి ఎంతవరకు అక్కరకు వస్తుందన్నదే ప్రశ్న. పైగా దాని ఫలితాన్ని అనుభవించేది ఒక్కడే కాదు. వెనుక సీటులో కూర్చున్న స్నేహితుడు, ఎదురుగా సైకిలుపై వచ్చే కూలీ, ఇంటివద్ద తలుపు తీసి ఉంచిన తల్లి, వీరెవరూ ఆ గ్లాసును ఎంచుకోలేదు. ఓటు వయస్సు హక్కును ఇచ్చే గీత. మద్యపు వయస్సు అపాయాన్ని కొంత దూరంలో ఆపే కంచె. ఈ రెంటినీ ఒకే కొలతతో కొలవడం వల్లనే వాదం దారి తప్పుతున్నది.

పెద్దలు తాగుతూ తమను మాత్రం వద్దంటున్నారని యువకులు చేసే ఆరోపణలో నిజం ఉన్నది. మహాభారతంలో కచుని బూడిద కలిసిన సురను తాగినవాడు శుక్రాచార్యుడు. ఆయన కుర్రవాడు కాడు, రాక్షసులకు గురువు. తెలివి తెచ్చుకొన్న తరువాత సురాపానాన్ని నిషేధిస్తూ ఆయన కట్టడి చేశాడు. తన అనుభవం నుండి శాసనం చేసిన పెద్దమనిషి ఆయన. మన కాలంలో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడులకు వెళ్లిన స్త్రీలు సారా దుకాణాలపై తిరగబడినప్పుడు వారి కూలిడబ్బులు తాగినవారు ఎక్కువగా సంసారులైన మగవారే. ఆ ఉద్యమఫలంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. 21 దాటినంత మాత్రాన మద్యం అమృతం కాదు. పరిమితి వయస్సు దాటినవారికి ఇచ్చే యోగ్యతాపత్రం కాదు.

పరిమితి కాగితంపై ఉంటే చాలదన్నదానికీ మన ఇతిహాసమే సాక్షి. యాదవులలో ఎవరూ మద్యం తయారు చేయరాదనీ, చేస్తే బంధువులతో సహా కొరత వేస్తామనీ ద్వారకలో చాటింపు వేసిన సంగతి మౌసలపర్వంలో ఉన్నది. ఇంతకంటే కఠినమైన చట్టం ఉండబోదు. అయినా ప్రభాసతీర్థంలో శ్రీకృష్ణుని ఎదుటనే పానగోష్ఠి జరిగింది. సాత్యకి, కృతవర్మలు పాతపగలు తవ్వుకొన్నారు. తుంగపరకలే రోకళ్లై యదుకులం నశించింది.

ఇటీవలి కాలంలో మన రాష్ట్రాలు ఈ పరిమితిని మార్చిన తీరు కూడా అంత ఆలోచనతో కూడినట్లు కనబడదు. ఢిల్లీ ప్రభుత్వం 2021లో 25ను 21కి తగ్గిస్తామని ప్రకటించింది. పొరుగునున్న నోయిడాలో 21 కావడం అందుకు ఒక కారణం. అదే ఏడాది డిసెంబరులో హర్యానా శాసనసభ 25ను 21కి తగ్గిస్తూ, ఢిల్లీని ఉదాహరణగా చూపింది. 2022లో ఢిల్లీ తన కొత్త మద్యవిధానాన్నే ఉపసంహరించుకొన్నది. కర్ణాటక 2023 జనవరిలో 21ను 18కి తగ్గించే ముసాయిదా వెలువరించి, అభ్యంతరాలు రాగానే వెనుకకు తీసుకొన్నది. ఈ చర్చలలో ఆదాయం మాట, పొరుగు రాష్ట్రం మాట వినిపించినంతగా రోడ్డు ప్రమాదాల మాట వినిపించలేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు 21 నిండనివారి డ్రైవింగ్ లైసెన్సును నిలువుగా, నిండినవారిదానిని అడ్డంగా ముద్రిస్తాయి. దుకాణదారుడు లెక్క వేయనవసరం లేదు, కార్డును ఒక్క చూపు చూస్తే చాలు. వయస్సు తక్కువైనవారిని పోలీసులే కొనుగోలుకు పంపి అమ్మకందారులను పరీక్షిస్తారు. చిక్కినవాని లైసెన్సుకు ముప్పు వస్తుంది. మన యువకుల జేబులలోనూ పుట్టిన తేదీ ముద్రించిన కార్డు ఉన్నది. సిమ్‌కార్డు కొన్నప్పుడు, పరీక్షా కేంద్రంలోకి వెళ్లేటప్పుడు, రైలులో రిజర్వేషను పెట్టెలో కూర్చున్నప్పుడు దానిని చూపమంటారు. మద్యం దుకాణపు కిటికీ వద్ద అడిగేవారు అరుదు.